పన్నెండు మెట్లూ వదలకుండా: క్రొమాటిక్ స్కేల్ గురించి

ఒడిశాలోని మా రాయగడలో భజన మండలిలో పాడే వారిని శ్రుతి ఎంత అని అడిగితే "ఒకటిన్నర" అనో "నాలుగున్నర" అనో చెబుతారు. హిందుస్తానీ పద్ధతిలో నేర్చుకున్న వారైతే అదే ఒకటిన్నరను "కాలీ ఏక్" అంటారు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు అని హార్మోనియం మెట్లను లెక్కపెట్టుకుంటూ పోతే మూడు తర్వాత మూడున్నర రాదు, నేరుగా నాలుగు వస్తుంది. ఆపైన నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. ఏడున్నర కూడా లేదు, ఏడు దాటితే పై స్థాయిలోని ఒకటే. తెల్ల మెట్లకు పూర్తి అంకెలు, నల్ల మెట్లకు అరలు పెట్టారు కాబట్టి, మూడుకీ నాలుగుకీ మధ్య, ఏడుకీ పై ఒకటికీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి, ఆ రెండు అరలూ లెక్కలో లేకుండా పోయాయి. వెరసి పన్నెండు. ఈ పన్నెండింటినీ ఒక్కటి కూడా వదలకుండా వరుసగా పలికిస్తే దానినే పాశ్చాత్య సంగీతంలో క్రొమాటిక్ స్కేల్ అంటారు. లెక్క మనవాళ్లందరికీ తెలిసినదే. ఆ లెక్కను చెవికి ఎక్కించడం ఎలా అన్నదే నేను ఇక్కడ రాయదలచుకున్న విషయం.

సాయంత్రాలు మా ఇంటి వసారాలో పిల్లలకు హార్మోనియం, కీబోర్డు నేర్పుతుంటాను. వారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. అందువల్ల ఒకే నోటుపుస్తకంలో స్వరాలు ఒక పేజీలో ఒడియా లిపిలో, ఇంకో పేజీలో తెలుగులో, కీబోర్డు పాఠం దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలలో కనిపిస్తాయి. ఈమధ్య చేరుతున్న పిల్లలు ఫోనులో ఏదో వీడియో చూసి, ఎడమ చివరి మెట్టు నుంచి కుడి చివరి దాకా అన్నిటినీ జరజరా నొక్కుకుంటూ పోవడం నేర్చుకుని మరీ వస్తున్నారు. వేళ్లు బాగానే పరుగెడుతున్నాయి. మధ్యలో ఆపి "ఇప్పుడు నీ వేలు ఉన్న మెట్టును షడ్జం (స) నుంచి గొంతుతో పాడి చూపించు" అంటే మాత్రం దిక్కులు చూస్తారు. వేగంగా వాయించిన క్రొమాటిక్ స్కేల్‌లో ఒక స్వరానికీ పక్క స్వరానికీ తేడా వినబడే వ్యవధే ఉండదు కాబట్టి, దానివల్ల వేళ్లకు తప్ప మరి దేనికీ ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ముందుగా అర్ధస్వరం అంటే ఏమిటో చూద్దాం. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరాన్ని అర్ధస్వరం అంటాము. ఈ దూరం కూడికతో ఏర్పడేది కాదు, గుణకారంతో ఏర్పడేది. షడ్జం సెకనుకు 240 కంపనాల దగ్గర ఉందనుకుంటే పై షడ్జం 480 దగ్గర ఉంటుంది. మధ్యనున్న 240ని పన్నెండు సమభాగాలు చేసి, ప్రతి మెట్టుకూ 20 చొప్పున కలుపుకుంటూ పోతే సరిపోతుందని తోచవచ్చు. అలా చేస్తే మొదటి మెట్టు బాగా వెడల్పుగా, చివరి మెట్టు మరీ ఇరుకుగా వినిపిస్తుంది. చెవి కంపనాల మధ్య తేడాను కాక నిష్పత్తిని పట్టుకుంటుంది కాబట్టి, ప్రతి మెట్టునూ సుమారు 1.0595తో గుణించుకుంటూ పోవాలి. 240 తర్వాత సుమారు 254.3 వస్తుంది, దానిని మళ్లీ అదే సంఖ్యతో గుణిస్తే తర్వాతి మెట్టు, అలా పన్నెండోసారికి సరిగ్గా రెట్టింపు. ఈ గుణకాన్ని చైనాలో ఝూ జైయూ అనే పండితుడు 1584 నాటికే లెక్కగట్టాడు.

ఈ లెక్కను కళ్లతో చూడాలంటే వీణ ముందు కూర్చోవాలి. మాకు బొబ్బిలి దూరమేమీ కాదు, విజయనగరం వైపు రైలెక్కితే పార్వతీపురం దాటాక వచ్చే ఊరే. అక్కడి గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే వీణలకు పేరుంది. ఒకే దుంగను తొలిచి చేసిన దానిని ఏకాండి వీణ అంటారు. వీణకు 24 మెట్లు ఉంటాయి, అంటే స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయులు. దండి మీద మైనం పట్టించి ఇత్తడి మెట్లను అమర్చేటప్పుడు వాటి మధ్య ఎడం కుండ వైపు వెళ్లేకొద్దీ తగ్గుతూ పోవడం గమనించవచ్చు. గిటారులోనూ అంతే. తీగ పొడవు 65 సెంటీమీటర్లు ఉన్న గిటారులో మొదటి మెట్టు సుమారు 3.6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఎడం 1.9 సెంటీమీటర్లే, పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగంలో ఉంటుంది. కీబోర్డులో మెట్లన్నీ ఒకే వెడల్పున కనిపిస్తాయి కాబట్టి ఈ సంగతి అక్కడ బోధపడదు. పైగా నలుపు తెలుపుల తేడా వల్ల తెల్ల మెట్లు అసలైనవి, నల్లవి కొసరువి అనే భ్రమ కూడా కలుగుతుంది. వీణ మీద ఆ పక్షపాతం లేదు.

కర్ణాటక పద్ధతిలో సరళీ స్వరాలు పాడిన వారందరికీ ఈ పన్నెండింటిలో ఏడు ఇప్పటికే వచ్చు. మన పాఠాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. ఆ రాగంలో షడ్జం నుంచి శుద్ధ రిషభానికి ఒక అర్ధస్వరం, అక్కడి నుంచి అంతర గాంధారానికి మూడు, గాంధారం నుంచి శుద్ధ మధ్యమానికి ఒకటి, మధ్యమం నుంచి పంచమానికి రెండు, ఆ తర్వాత పూర్వాంగంలో (స నుంచి మ దాకా) ఉన్న వరుసే ఉత్తరాంగంలోనూ (ప నుంచి పై స దాకా): ఒకటి, మూడు, ఒకటి. పిల్లలకు పునాది పాఠంగా ఈ రాగాన్నే పెట్టినది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఇందులో ఉన్న అందమంతా ఖాళీలలో ఉంది. రిషభ గాంధారాల మధ్య రెండు స్థానాలు, మధ్యమ పంచమాల మధ్య ఒకటి, ధైవత నిషాదాల మధ్య రెండు, మొత్తం ఐదు స్థానాలు ఖాళీగా మిగులుతాయి. మధ్యలోని, ప్రతి మధ్యమం అనే పేరున్న స్వరాన్ని పక్కన పెడితే మిగిలిన నాలుగూ రెండేసి పేర్లున్న స్థానాలే. చతుశ్రుతి రిషభమే శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభమే సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతమే శుద్ధ నిషాదం, షట్‌శ్రుతి ధైవతమే కైశికి నిషాదం. పన్నెండు స్థానాలకు పదహారు పేర్లు వచ్చింది ఈ నాలుగింటి వల్లనే. ప్రతి మధ్యమం తప్ప, పేరు విషయంలో తకరారు లేని ఏడు స్వరాలనూ మొదటి పాఠం పూర్తిగా మన చేతిలో పెట్టేసి, తకరారు ఉన్న వాటిని తర్వాతకు వాయిదా వేస్తోంది. కాబట్టి క్రొమాటిక్ స్కేల్‌ను కొత్తగా మొదటి నుంచి నేర్చుకోవలసిన పని లేదు. మాయామాళవగౌళలోని ఖాళీలను పూరించుకుంటే చాలు.

పూరించే క్రమంలో పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకరోజు హార్మోనియం మీద రెండున్నర మెట్టును పట్టుకుని వదలకుండా, "మాస్టారూ, మెట్టు ఒకటే కదా, దీన్ని ఒకసారి రి అంటారు, ఒకసారి గ అంటారు, ఎలా తెలుస్తుంది?" అంది. "నీ గాంధారం ఎక్కడుందో ముందు చూసుకోమ్మా" అన్నాను. మేళకర్త రాగంలో, అంటే తక్కిన రాగాలకు మూలంగా లెక్కించే రాగంలో, ఏడు స్వరాలూ ఒక్కొక్కటే ఉండాలి, ఒక రిషభం, ఒక గాంధారం. తోడిలోనో ఖరహరప్రియలోనో దిగువన రిషభం వేరే ఉంది కాబట్టి ఆ మెట్టు సాధారణ గాంధారం అవుతుంది. చలనాటలో ఆ పై మెట్టున అంతర గాంధారం కూర్చుని ఉంది కాబట్టి అదే మెట్టు షట్‌శ్రుతి రిషభం అవుతుంది. పాశ్చాత్యులు ఒకే నల్ల మెట్టును ఒకచోట డి షార్ప్ (డి కంటే ఒక మెట్టు పైది) అని, మరొకచోట ఇ ఫ్లాట్ (ఇ కంటే ఒక మెట్టు కిందిది) అని రాయడానికి వెనుక ఉన్న తర్కం కూడా ఇటువంటిదే. మామూలు స్కేల్‌లో ఒక్కొక్క అక్షరం ఒక్కసారే రావాలని వారి నియమం. పన్నెండూ కలిసి వచ్చే క్రొమాటిక్ స్కేల్‌లో ఆ నియమం ఎలాగూ నిలవదు కాబట్టి, ఎక్కేటప్పుడు షార్ప్‌లతో, దిగేటప్పుడు ఫ్లాట్‌లతో రాయడం ఆనవాయితీగా స్థిరపడింది.

ఇక్కడి పిల్లలకు దీనిపైన ఇంకొక చిక్కు ఉంది. హిందుస్తానీ పేర్లలో శుద్ధ రిషభం అంటే మన చతుశ్రుతి రిషభం, మన శుద్ధ రిషభాన్ని వారు కోమల రిషభం అంటారు. ఒడియా పాటల మాస్టారి దగ్గర ఒక గంట, కర్ణాటక వయొలిన్ మాస్టారి దగ్గర ఒక గంట గడిపే పిల్లవాడు "శుద్ధ రి" అన్న మాట విని ఏ మెట్టు నొక్కాలో తేల్చుకోలేకపోవడంలో వింత ఏమీ లేదు. అటువంటి పిల్లలకు నేను కొంతకాలం పేర్లన్నీ మానిపించి, షడ్జం నుంచి ఎన్నో అర్ధస్వరం అన్న లెక్కతోనే చెబుతాను. ఒకటో మెట్టు, రెండో మెట్టు, ఏడో మెట్టు పంచమం, పన్నెండో మెట్టు పై షడ్జం. ఈ లెక్క ఏ పద్ధతిలోనూ మారదు.

పన్నెండు స్వరాలూ వరుసగా వచ్చే రాగం ఏదైనా ఉందా అని కొందరు అడుగుతారు. క్రొమాటిక్ స్కేల్ రాగం కాదు, రాగాలన్నీ ఎంచుకునే స్థలం మాత్రమే. ఏ స్వరాలను వదిలేశామన్న దాంట్లోనే రాగానికి ముఖం ఏర్పడుతుంది, అన్నిటినీ సమానంగా పలికిస్తే షడ్జం కూడా పన్నెండింటిలో ఒకటైపోతుంది. అయినా మన సంగీతంలో పక్కపక్క మెట్లు వెంటవెంటనే రావడం లేకపోలేదు. హిందుస్తానీ లలిత్‌లో రెండు మధ్యమాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి, బేహాగ్‌లోనూ రెండు మధ్యమాలు వినిపిస్తాయి. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో చూపిన మార్గంలో ఏర్పడిన 72 మేళకర్తలలో 40 వివాది మేళాలు, అంటే పక్క స్వరంతో పొసగదని భావించే స్వరం ఉన్నవి. మొదటిదైన కనకాంగిలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం వరుసగా మూడు మెట్లు, చలనాటలో షట్‌శ్రుతి రిషభం, అంతర గాంధారం, మధ్యమం వరుసగా మూడు మెట్లు. క్రొమాటిక్ సాధన చేసిన గొంతుకు ఈ వివాది ప్రయోగాలు తొందరగా లొంగుతాయి.

సాధనకు మన దగ్గర ఒక సిద్ధమైన సాధనం ఉందని చాలామందికి తట్టదు. మేళకర్త పద్ధతిలో రిషభాలకు ర, రి, రు అని, గాంధారాలకు గ, గి, గు అని, మధ్యమాలకు మ, మి అని, ధైవతాలకు ధ, ధి, ధు అని, నిషాదాలకు న, ని, ను అని అచ్చుల తేడాతో పేర్లు పెట్టారు. జంట పేర్లున్న చోట్ల ఒక్కొక్కటి ఎంచుకుంటే పన్నెండింటికీ నోట పలికే వరుస దొరుకుతుంది: స, ర, రి, గి, గు, మ, మి, ప, ధ, ధి, ని, ను, స. దిగేటప్పుడు స, ను, ని, ధి, ధ, ప, మి, మ, గు, గి, రి, ర, స. నా దగ్గర పిల్లలు ఈ వరుసను ఎక్కాల మాదిరిగా ఒప్పజెబుతారు. స్వరం కలవడానికి మాత్రం మరికొంత కాలం పడుతుంది.

దానికి నేను పాటించే పద్ధతి ఇది. తంబూర పెట్టె ఆన్ చేసి, ముందుగా పక్కపక్క మెట్లను కలపకుండా, ప్రతి స్వరాన్నీ షడ్జంతో జతగా పాడిస్తాను: స ర, స రి, స గి, స గు. ప్రతి జతకూ తెలిసిన రాగం ఒకటి ఆసరాగా ఉంటుంది. ర కు మాయామాళవగౌళ, రి కి శంకరాభరణం, గి కి ఖరహరప్రియ, మి కి కల్యాణి, ని కి హరికాంభోజి గుర్తు చేస్తే గొంతు తనంతట తానే ఆ స్థానానికి వెళ్లి నిలుస్తుంది. జతలు కుదిరాక మూడేసి మెట్లు, ఆ తర్వాత నాలుగేసి మెట్లు ఒక ఊపిరిలో పాడిస్తాను. మూడేసి చొప్పున విడదీస్తే విడుపులు స, గి, మి, ధి ల దగ్గర పడతాయి. నాలుగేసి చొప్పున అయితే స, గు, ధ ల దగ్గర పడతాయి. రెండింటిలోనూ పంచమం మీద విడుపు పడదు, కాబట్టి అలవాటైన ఆధారం లేకుండా గొంతు నిలబడవలసి వస్తుంది, కష్టమంతా అక్కడే ఉంటుంది. సరిగ్గా సగంలో, అటు ఆరు ఇటు ఆరు మెట్ల మధ్య ఉన్న మి దగ్గర చాలామంది తడబడి పంచమంలోకి జారిపోతారు. అందుకని మి మీద రెండు మాత్రల కాలం నిలిపి, ఆ తర్వాతే ప కు వెళ్లమంటాను. ఎక్కడం కంటే దిగడం కష్టం. పై షడ్జం నుంచి బయలుదేరిన గొంతు దారిలో ఎక్కడో ఒక మెట్టు మింగేసి, కింది షడ్జానికి ముందే చేరిపోతుంది. మెట్టు ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి పంచమం దగ్గర ఒక్కసారి హార్మోనియం తాకి సరిచూసుకుంటే చాలు, ప్రతి మెట్టుకూ హార్మోనియం వెంట ఉంటే చెవి పని చేయడం మానేస్తుంది.

కీబోర్డు వేళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. కుడిచేతిలో నల్ల మెట్లన్నిటికీ మధ్యవేలు, తెల్ల మెట్లకు బొటనవేలు. రెండు తెల్ల మెట్లు పక్కపక్కన వచ్చే రెండు చోట్ల, అంటే మూడు నాలుగుల దగ్గర, ఏడు ఒకట్ల దగ్గర, ఎక్కేటప్పుడు మొదటిదానికి బొటనవేలు, రెండోదానికి చూపుడువేలు. ఎడమచేతికి ఇది తిరగబడుతుంది, ఎక్కేటప్పుడు ముందు చూపుడువేలు, తర్వాత బొటనవేలు. హార్మోనియంలో ఎడమచెయ్యి తిత్తి దగ్గర ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

మా ఊళ్లో క్రొమాటిక్ స్కేల్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారు సంగీతం మాస్టర్లు కారు, పెళ్లిళ్ల సీజనులో వీధి వీధీ తిరిగే బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదేవారు. ట్రంపెట్‌కు మూడే మీటలు. ఏ మీటా నొక్కకుండా పెదవుల బిగువుతో ఊదితే షడ్జం, పంచమం, పై షడ్జం వంటి కొన్ని స్వరాలే వస్తాయి. రెండో మీట నొక్కితే స్వరం ఒక అర్ధస్వరం దిగుతుంది, మొదటిది నొక్కితే రెండు, మూడోది నొక్కితే మూడు. వీటిని కలిపితే నాలుగు, ఐదు, ఆరు అర్ధస్వరాల దాకా దిగవచ్చు. పంచమం నుంచి షడ్జం దాకా ఏడు అర్ధస్వరాలు కాబట్టి, మధ్యలో ఉన్న ఆరు స్వరాలూ ఈ మూడు మీటలతో ఖచ్చితంగా పూడిపోతాయి, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ కాదు. సర్కస్ అనగానే చెవిలో మోగే ఆ జారుడు బాణీని చెక్ దేశానికి చెందిన జూలియస్ ఫూచిక్ 1897లో బ్యాండు కోసమే రాశాడు, దానికి ఆయన మొదట పెట్టిన పేరు కూడా క్రొమాటిక్ మార్చ్ అనే. అయితే మూడు మీటలూ కలిపి నొక్కినప్పుడు స్వరం కాస్త ఎక్కువ శ్రుతిలో పలుకుతుంది. దానిని సరిదిద్దడానికి మూడో మీట గొట్టాన్ని వేలితో కొంచెం బయటకు జరపాలి. మజ్జిగౌరమ్మ గుడి వీధిలో మేళం నడుస్తున్నప్పుడు ఎవరు గొట్టం జరుపుతున్నారో, ఎవరు జరపడం లేదో వినికిడి ఉన్నవారికి ఇట్టే తెలిసిపోతుంది.

గొట్టం జరపవలసిన అవసరం ఒక్క ట్రంపెట్‌కే కాదు, హార్మోనియంకూ ఉంది గాని అక్కడ జరపడానికి వీలు లేదు. అర్ధస్వరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తే, హార్మోనియం మీద అంతర గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబూర తీగలో సహజంగా మోగే గాంధారం సుమారు 386 సెంట్ల దగ్గరే ఉంది. పంచమానికి ఆ తేడా రెండు సెంట్లే కాబట్టి ఎవరికీ వినబడదు, గాంధారానికి 14 సెంట్లు కాబట్టి శ్రద్ధగా వింటే తెలుస్తుంది. పన్నెండు మెట్లూ సమానంగా ఉండాలంటే ఈ నష్టం తప్పదు, ఎందుకంటే స్వచ్ఛమైన పంచమాలను పన్నెండుసార్లు పేర్చుకుంటూ పోతే ఏడు స్థాయుల కంటే సుమారు 23.5 సెంట్లు ఎక్కువవుతుంది, ఆ మిగులును ఎక్కడో ఒకచోట సర్దాలి. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియంను తన ప్రసారాలకు దూరంగా ఉంచడంలో, ఈ స్థిరమైన మెట్లు మన గమకాలకు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే తీరులకు) ఇమడవన్న వాదన పెద్ద పాత్ర వహించింది. ఆ వాదనలో నిజం ఉందని ఒప్పుకుంటూనే, పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి పన్నెండు స్థానాలనూ తక్కువ ఖర్చుతో చూపించగలిగిన వాద్యం మరొకటి లేదని కూడా నేను గట్టిగానే నమ్ముతాను.

అందుకని స్థానాలన్నీ గుర్తుపట్టడం వచ్చిన పిల్లల చేత హార్మోనియం మీద షడ్జ పంచమాలను మాత్రమే నొక్కి పెట్టించి, మిగిలిన పదింటినీ గొంతుతో వెతుక్కోమంటాను. గు దగ్గర గొంతు మెట్టు కంటే వెంట్రుకవాసి కింద స్థిరపడితే దానిని పైకి లాగవద్దని, గి దగ్గర తోడి పాడుతున్నట్టు ఊపవద్దని, ఈ సాధన జరుగుతున్నంతసేపూ ప్రతి స్వరాన్నీ కంపితం లేకుండా నిలువుగా పట్టాలని చెబుతాను. గమకాల పాఠం వేరే రోజుల్లో జరుగుతుంది.